ఇద్దత్ రోజుల్లో నా పడవలో ఊట తోడిందెవరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లలో సగం మంది చివరికి "అదిగో, ఉన్నాయన్నమాట!" అని నా నోటితోనే అనిపించాలని చూస్తారు. చచ్చినా అనను. శ్మశానాల పక్కన పడవ కట్టేసి గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషిని నేను. కాలవలో శవం కొట్టుకొచ్చిన రోజు కూడా పొయ్యి ఆర్పలేదు.

కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

నా పేరు మీరాబి. మాది పర్చూరు దగ్గర పల్లె. మా నాయనది దూది ఏకే పని. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ బొంతలకీ దూది ఏకేవాడు. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే, నమాజు ఒక్కటే అరబ్బీలో. నన్ను పడవ ఖాసింకి ఇచ్చి చేశారు. కొమ్మమూరు కాలవ మీద ఆయనకి సొంత గూటి పడవ ఉండేది. పొన్నూరు వైపు నుంచి ధాన్యం, మా పర్చూరు పొగాకు, పిడుగురాళ్ల సున్నం రైల్లో వచ్చి దిగితే అదీ, ఏ సరుకు దొరికితే అది వేసుకుని పెదగంజాం దాకా పోయి వస్తుండేవాళ్లం. యాభైల్లో మాట ఇది. అప్పటికి లారీలు ఇంకా కాలవల మీదకి కన్నెయ్యలేదు.

"పడవలో కాపరమా! అద్దె లేదు, పాడు లేదు, నీకేం హాయే మీరాబీ" అనేవాళ్లు మా ఊరి ఆడవాళ్లు. ఒళ్లు మండేది నాకు. ఆ హాయి ఏంటో చెబుతాను వినండి. పడవకి ఏటేటా లైసెన్సు కట్టాలి. లాకు దాటినప్పుడల్లా రుసుం. లాగుడు తాడు కొబ్బరి పీచుది, ఏడాది తిరక్కుండా పుటుక్కుమంటుంది. గూటి మీద తడికెలు రెండేళ్లకోసారి మార్చాలి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ పడవ లాగడానికి ఇద్దరు కూలీలు ఉండాలి. వాళ్లకి కూలీ ఇస్తే చాలదు, తిండి కూడా పెట్టాలి. ఆ తిండి వండేదెవరు? నేనే. మట్టి మెత్తిన డబ్బా పొయ్యి మీద, అటూ ఇటూ ఊగుతున్న పడవలో గంజి వార్చడం చేతకాకపోతే ఆ పూట చేతులు కాలాల్సిందే.

తాగే నీళ్లు తెల్లారకముందే కాలవ నడిమధ్య నుంచి ముంచుకోవాలి, గట్లమ్మట జనమూ గేదెలూ దిగకముందే. స్నానం చీకటితోనే. నడుం వంచకుండా నిలబడటానికి వీల్లేని గూట్లో చీర మార్చుకోవడం నేర్చుకునేసరికి నాకు నెల పట్టింది. అలాగని నన్ను తీసుకెళ్లి మేడలో పెట్టినా ఉండేదాన్ని కాదు. నా ఇల్లు అది.

వేసవిలో కాలవ కట్టేస్తారు. అప్పుడు సంపాదన ఉండదు, ఖర్చంతా అప్పుడే మీద పడుతుంది. పదిమందిని పెట్టి పడవని ఒడ్డుకి లాగి, పక్కకి ఒరగేసి, చెక్కల సందుల్లో పాత దూది గీకేసి, కొత్త దూది గట్టిగా కూరి, పైన తారు కాచి పోయాలి. ఆ దూది మా పుట్టింటిది. ఏకగా మిగిలిన పొట్టి దూదిని మా నాయన మూటలు కట్టి ఉంచేవాడు. "కూతురికి పట్టుచీరలు పెట్టలేను గానీ పడవకి దూది లోటు రానివ్వను" అనేవాడు.

ఎంత కూరినా ఊట ఆగదు. చెక్క పడవ అన్నాక అడుగున నీళ్లు ఊరుతూనే ఉంటాయి. రోజూ తెల్లవారుజామున అడుగు పలకలు రెండు ఎత్తి, ఆ ఊటని తోడి కాలవలో పోయాలి. ఒక్క రోజు బద్ధకిస్తే మర్నాడు సరుకు తడుస్తుంది. నాలుగు రోజులు బద్ధకిస్తే పడవే ఉండదు. కిరసనాయిలు డబ్బాని ఏటవాలుగా కోసి తోడటానికి వాడేవాళ్లం. తోడటం అయ్యాక డబ్బా బోర్లించాలి. మా పడవ వాళ్ల పద్ధతి అది. డబ్బా బోర్లించి ఉంటే తోడేశారని, వెల్లకిలా ఉంటే ఇంకా తోడలేదని. దాంతో నిద్రపోయేవాణ్ణి లేపి అడిగే పని ఉండదు.

మా పడవలో ఆ పని ఖాసింది. నన్ను ఒక్క రోజు కూడా ముట్టుకోనివ్వలేదు. "దూది తెచ్చింది నువ్వేగా, నీ వంతు అయిపోయింది. పడుకో" అనేవాడు. తొలి నమాజుకి ముందు తోడేసి, డబ్బా బోర్లించి, అవే చేతులు కడుక్కుని నమాజుకి నిలబడేవాడు. పదేళ్ల పైన నేను ఆ చప్పుడుకే నిద్ర లేచాను.

అరవైలు మొదలైన కొత్తలో, ఒక వేసవిలో ఆయనకి కామెర్లు పట్టాయి. ఆకు పసరు పోయించాం, పథ్యం పెట్టాం, గుంటూరు పెద్దాసుపత్రికీ తీసుకెళ్లాం. ఆ హడావుడిలో ఆ ఏడు పడవకి తారు పడలేదు. కాలవకి నీళ్లు వదిలారు. జబ్బు తగ్గినట్టే తగ్గి చలికాలం మొదట్లో తిరగబెట్టింది. లాకుల దగ్గర రేవులో పడవ కట్టి ఉండగా, నా ఒళ్లో తల పెట్టుకుని పోయాడు. ఆ ఊళ్లోనే మట్టి చేశారు.

మూడో రోజు ఫాతిహా చదివించడం అయ్యాక మా బావగారు మౌలాలి, అంటే ఖాసిం అన్న, గట్టు మీద నిలబడి "సామాను సర్దుకో మీరాబీ, ఇంటికి పోదాం" అన్నాడు. చెడ్డవాడని అనను. మిరప చేను కౌలుకి చేసుకుంటూ నలుగురు పిల్లల్ని సాకుతున్న మనిషి. కానీ నా పడవ మీద ఆయనకి కన్నుంది. మాకు పిల్లల్లేరు. పడవ కొట్టించి, ఆ టేకు చెక్కతో ఇంటికి దూలాలు వేయించుకుందామని వడ్రంగితో అప్పటికే మాట్లాడుకున్నాడు. ఆ మాట నాకు కూలీల ద్వారా తెలిసింది.

మాలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ ఉండాలి. భర్త ఇంట్లోనే ఉండాలి, గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల ఎదటికి రాకూడదు. మౌలాలి బావ ఆ మాటే పట్టుకున్నాడు. "ఇద్దత్ భర్త ఇంట్లో చెయ్యాలి. నా తమ్ముడి ఇల్లు అంటే మా ఇల్లు. నీళ్ల మీద ఇద్దత్ ఏంటి, ఎక్కడన్నా విన్నామా?"

"నా భర్త ఇల్లు ఇదే బావగారూ" అన్నాను తడిక వెనక నుంచి. "నేను కాపరం చేసింది ఇందులోనే. మీ ఇంట్లో నేను రెండు రాత్రులు కూడా పడుకోలేదు."

గొడవ పెరిగింది. చివరికి ఆ ఊరి మసీదు పెద్దాయన్ని పిలిపించారు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని తాతా అనే అంటారు. ఆయన నెమ్మదిగా గట్టు మీద కూలబడి నన్ను ఒక్కటే అడిగాడు. "ఖాసిం పోయిన రోజు నీ పొయ్యి ఎక్కడ వెలిగిందమ్మా?"

"పడవలోనే తాతా."

"అయితే అదే ఇల్లు. ఆమె కదలకూడదు" అన్నాడు.

మౌలాలి బావకి కోపం తన్నుకొచ్చింది. "తారు లేని పడవ అది! నాలుగు నెలల పది రోజులు తేలుతుందా? తేలితే పడవ నువ్వే ఉంచుకో పో. మునిగితే మాత్రం చెక్క నాది!" అని అరిచాడు.

"మాట అన్నావు. నలుగురూ విన్నారు" అన్నాడు తాత. బావ నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

అందరూ వెళ్లిపోయారు. కూలీలు వేరే పడవలు చూసుకున్నారు. లాకు తలుపులు తిప్పే లస్కరు సాంబయ్య, ఆయన భార్య సుబ్బాయమ్మ, ఆ రేవులో నాకు మిగిలింది వాళ్లిద్దరే. సుబ్బాయమ్మక్క బియ్యం, కూరా నారా తెచ్చి అందించేది. చుట్టుపక్కల ఆడవాళ్లు పాత చీరలు పంపితే నేను పడవలో కూర్చుని బొంతలు కుట్టి ఇచ్చేదాన్ని. నా తిండికి ఇబ్బంది లేదు. నాకున్న దిగులల్లా ఒకటే. పడవ మునక్కూడదు.

ఆయన జబ్బులో ఊట కూలీలు తోడేవాళ్లు, ఇప్పుడు వాళ్లూ లేరు. నాలుగో రోజు తెల్లవారుజామున, ఇక నుంచి తోడటం నాదేగా అని లేచాను. దీపం పట్టుకుని అడుగు పలక ఎత్తాను. నీళ్లు లేవు. చెక్కలు తడిగా ఉన్నాయి, అక్కడక్కడా చెంచాడు తేమ, అంతే. పక్కన డబ్బా బోర్లించి ఉంది. దాని అంచు నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి.

నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. తెల్లారగానే తడిక సందులోంచి సాంబయ్య మీద విరుచుకుపడ్డాను. "ఏమయ్యా, నేను ఇద్దత్‌లో ఉన్నానని తెలిసీ నా పడవెక్కుతావా?"

"అయ్యో తల్లీ! నేనెందుకెక్కుతాను? తోడాలనుకుంటే సుబ్బాయమ్మని పంపనూ?" అని లబలబలాడాడు పాపం. సుబ్బాయమ్మక్క కూడా రాలేదంది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. అడుగు పొడి, డబ్బా బోర్లా.

ఎవరో పుణ్యాత్ముడు దొంగచాటుగా సాయం చేస్తున్నాడనుకున్నాను. సాయమైతే మాత్రం? నా ఇద్దత్ చెడితే మౌలాలి బావ ఊరుకుంటాడా? అందుకని ఎక్కే పలక లోపలికి లాగేసి పడుకున్నాను. అయినా తెల్లారేసరికి డబ్బా బోర్లించే ఉంది. పడవ అంచు పొడుగునా గుంటూరు మిరపపొడి చల్లాను. తొక్కినవాడు మూడూళ్లకి వినబడేలా కేకలు పెట్టాలి. పొద్దున చూస్తే పొడి చల్లింది చల్లినట్టే ఉంది. దానివల్ల తుమ్ములు వచ్చింది నాకే.

నేనే నిద్రలో లేచి తోడుతున్నానేమో అనిపించింది. దిగులు మీద ఉన్న మనిషిని కదా, చెప్పలేం. మా నాయన విల్లు తాడుకి వేసే ముడి నాకు తెలుసు, చీకట్లో విప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ముడి వేసి కాలు గూటి గుంజకి కట్టుకుని పడుకున్నాను. ముడి అలాగే ఉంది. చీర కుచ్చెళ్లు తడవలేదు, చేతులకి రాపిడి లేదు. అడుగు పొడి.

ఇహ లాభం లేదని సుబ్బాయమ్మక్కని ఒక రాత్రి తోడు పడుకోమన్నాను. "నేను కన్నార్పితే ఒట్టు" అంది. వేకువనే నేను లేచేసరికి ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టుకుని గుర్రుపెడుతోంది. తట్టి లేపాను. డబ్బా చూపించాను. బోర్లించి ఉంది, తడిగా ఉంది.

"నువ్వు లేవలేదే మీరాబీ?"

"లేవలేదక్కా. నువ్వే కాపలా ఉన్నావుగా?"

"ఇప్పుడే కాస్త కునుకు పట్టింది, అంతే. మధ్యలో నీళ్ల చప్పుడు వినబడితే నువ్వేననుకున్నానే!" అంది. అన్నాక ఆవిడకే అర్థమైంది తనేమందో. పలక మీద కాలు పెట్టకుండానే గట్టు మీదకి దూకి, చెప్పులు నా పడవలోనే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. చచ్చినా మళ్లీ నీ పడవెక్కనని లోపల్నుంచి అరిచింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజుతో ఊరంతా గుప్పుమంది. ఖాసిం దయ్యమయ్యాడని, పెళ్లాన్ని వదల్లేక పడవలోనే తిరుగుతున్నాడని. ఆ మాట అన్నవాళ్లని నేను తడిక వెనక నుంచే కడిగిపారేశాను. ఆయన దయ్యం ఎందుకవుతాడు? మట్టి వేసి వచ్చినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, అడగండి. ఒక్కళ్ల సొమ్ము తినలేదు, ఒక్క నమాజు మానలేదు. అలాంటివాణ్ణి దయ్యం అంటే నేను పడను.

అలాగని తోడేదెవరో నాకు తెలిసిందా అంటే తెలియలేదు. వారం పది రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి ఒక నిర్ణయానికొచ్చాను. ఎవరైతే నాకేంటి? నా పడవ తేలుతోంది. ఒక పొద్దున ఆ బోర్లించిన డబ్బా ముందు కూర్చుని పైకే అనేశాను. "ఎవరివో గానీ పని శుభ్రంగా చేస్తున్నావు. చెయ్యి. నేను మాత్రం నీకు దణ్ణం పెట్టను, భయపడను." ఆ రోజు నుంచి డబ్బా జోలికి పోలేదు. బొంతలు కుట్టుకుంటూ, ఆయన పోయిన నాటి నుంచి లెక్కేసి గూటి చెక్క మీద రోజుకో బొగ్గు గీత గీసుకుంటూ కూర్చున్నాను.

మూడో నెలలో మౌలాలి బావ వచ్చాడు. వెంట వడ్రంగి, ఇంకో తాయెత్తులు కట్టేవాడు.

"దయ్యం పడవలో మా ఇంటి ఆడది ఒంటరిగా ఉందని నలుగురూ నవ్వుతున్నారు. పరువు పోతోంది. ఈయన తాయెత్తు కడతాడు, నువ్వు బండెక్కు" అన్నాడు.

"నీళ్లు తోడే దయ్యాన్ని మీరెక్కడన్నా చూశారా బావగారూ? నిజంగా దయ్యమే అయితే మీరూ ఒకదాన్ని తీసుకుపోండి, మీ బావిలో పూడికన్నా తీస్తుంది" అన్నాను. గట్టు మీదున్నవాళ్లు ఫక్కున నవ్వారు. తాయెత్తులాయన కూడా నవ్వాడు. బావ మొహం కందగడ్డయింది.

అయితే పడవ చూస్తానన్నాడు. నాకు దాచేదేముంది? నేను గూట్లో తెర వేసుకుని కూర్చుంటే వడ్రంగి లోపలికి దిగి పలకలు ఎత్తి చూశాడు. సందుల్లో మేకు పొడిచి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మా, అడుగున మూరెడు పొడుగున సందులో దూది పీచు కూడా లేదు. మేకు పెడితే అవతలికి పోతోంది. ఈ పడవ ఒక్క పూట తేలకూడదమ్మా."

ఆయన వెళ్లగానే బొంతకని పెట్టుకున్న దూది తీసి ఆ సందులో లోపల్నుంచి కూరాను. ఆ పని ఎందుకూ పనికిరాదని నాకూ తెలుసు. బయట తారు లేకపోతే నీళ్లు తన్నేస్తాయి. మర్నాటికి ఆ దూది ఊడి అడుగున పడి ఉంది. ఊడిన దూది ఉంది గానీ నీళ్లు లేవు! డబ్బా మాత్రం మామూలే.

గీతలు నూట ఇరవై ఎనిమిది అయ్యాయి. నా లెక్క ప్రకారం నాలుగు నెలలంటే నూట ఇరవై, పైన పది. ఇంకా రెండు రోజులు. కాలవ మీద బతికేవాళ్లం, నీళ్లు వదిలేదీ కట్టేసేదీ లాకు ఆఫీసు క్యాలెండరే. మాకు నెలంటే ముప్పై రోజులు.

ఆ మర్నాడు వేకువన కాళ్లకి చల్లగా తగిలి మెలకువొచ్చింది. పలకలు తేలుతున్నాయి. బియ్యం కుండ పక్కకి ఒరిగి ఉంది. కుట్టి మడిచి పెట్టిన బొంతలు సగం తడిసిపోయాయి. దీపం వెలిగించి చూశాను. డబ్బా వెల్లకిలా ఉంది.

ఇన్నాళ్లూ నిలిపి, ఇంకా రెండు రోజులుందనగా ఇలా చేస్తావా అని గట్టిగా ఏడ్చాను. ఎవర్ని అన్నానో నాకే తెలియదు. ఏడుస్తూనే డబ్బా అందుకున్నాను. తోడాను. తోడుతున్న కొద్దీ ఆ మూరెడు సందులోంచి నీళ్లు గుడగుడా వస్తున్నాయి. బొంతని ముక్కలు చేసి సందులో కుక్కి కాలితో తొక్కిపట్టి, చేత్తో తోడాను. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. పడవ అంచుకి, నీళ్లకి మధ్య జానెడు కూడా లేదు.

నా ఏడుపు విని సుబ్బాయమ్మక్క గట్టు మీదకొచ్చింది. ఒక్క క్షణం చూసింది. తర్వాత కొంగు నడుముకి చుట్టి, ఇంట్లోంచి పెద్ద తప్పేలా తెచ్చి, చచ్చినా ఎక్కనన్న పడవలోకి ధబీమని దిగింది. "ముందు తోడు, తర్వాత ఏడుద్దువు గానీ" అంది. ఇద్దరం ఆపకుండా తోడాం.

పొద్దెక్కాక గట్టు మీద బండి ఆగింది. మౌలాలి బావ, మసీదు తాత దిగారు. ఈ రోజే ఎందుకొచ్చారో నాకు అర్థం కాలేదు. మొహాన కొంగు లాక్కునే తీరిక కూడా లేదు నాకు.

"మునుగుతోంది! చెప్పానా లేదా?" అన్నాడు బావ.

తాత అంచు దాకా వచ్చి వంగి చూశాడు. "ఈ నీళ్లు ఎప్పట్నుంచమ్మా?"

"ఇవాళ తెల్లవారుజాము నుంచే తాతా."

"నిన్న?"

"నిన్న చుక్క లేదు. ఈ రెండు రోజులూ గడిస్తే చాలు. ఎలాగో ఒకలా తోడేస్తాను, పడవ తీసుకోవద్దని చెప్పు తాతా."

"రెండు రోజులేంటమ్మా?" అన్నాడు తాత. "మన నెలలు నెలవంకతో కదా నడిచేది. మధ్యలో రెండు నెలలు ఇరవై తొమ్మిదికే అయ్యాయి. నీ ఇద్దత్ నిన్న సాయంత్రంతో ముగిసింది. ఆ సంగతి చెప్పి నిన్ను బయటికి తీసుకురావడానికే వచ్చాం."

నా చేతిలో డబ్బా ఆగిపోయింది. సుబ్బాయమ్మక్క నా మొహంలోకి చూసి, తల తిప్పేసుకుంది.

తాత బావ వైపు తిరిగాడు. "ఇద్దత్ ముగిసేదాకా పడవ తేలింది. నువ్వన్న మాట నలుగురూ విన్నారు. పడవ ఆమెది."

మౌలాలి బావ కండువా తీసి బండి మీద పడేసి, పంచె ఎగ్గట్టి పడవలోకి దిగాడు. సుబ్బాయమ్మక్క చేతిలో తప్పేలా తీసుకున్నాడు. సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తకుండా తోడాడు. మర్నాడు ఊళ్లో పదిమందిని పోగుచేసి, పడవని ఒడ్డుకి లాగించి, తారు పోయించింది కూడా ఆయనే.

ఆ పడవ మీద ఇంకో పదేళ్లు బతికాను. ఇద్దరు కూలీల్ని పెట్టుకుని నేనే నడిపాను. ఆడది పడవ నడపడమేంటని మూతి విరిచినవాళ్ల ధాన్యమే మోశాను. రోజూ తెల్లవారుజామున ఊట నేనే తోడుకున్నాను. లారీలొచ్చి సరుకు దొరక్కుండా పోయేదాకా ఒక్క రోజు కూడా ఇంకెవరూ తోడలేదు.

చదువుకున్నవాళ్లకి చెబితే, నానిన చెక్క ఉబ్బి సందు దానంతటదే మూసుకుంటుందంటారు. నాకు తెలియదా? పడవ మీద బతికినదాన్ని. కానీ ఉబ్బిన చెక్క డబ్బా బోర్లించదు. నెలవంక చూసి రోజులూ లెక్కపెట్టదు. నా లెక్క తప్పింది. ఆ తోడిందెవరో గానీ, వాళ్ల లెక్క మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. ఇది నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అంతుపట్టలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గూ లేదు.

అన్నాళ్లు ఒంటరిగా ఎలా ఉన్నావు, భయం వెయ్యలేదా అని ఇప్పటికీ అడుగుతారు. లేదు. ఆ నాలుగు నెలల పది రోజులూ ఒక్క పూట కూడా భయపడలేదు, ఏడవలేదు కూడా. మట్టి చేసిన రోజు ఏడవలేదని నన్ను రాతి గుండె అన్నవాళ్లున్నారు. ఏడుపు రాలేదు, ఏం చేయను? ఆయన పోయాడని నాకు తెలిసింది, నీళ్లలో నిలబడి తాత మాట విన్న ఆ పొద్దునే.